స్కిప్పర్ తన మీద వేసుకున్న అరుపు

సున్నపు గీత తొక్కకూడదు. ఎనభై మూడేళ్లు వచ్చినా, మోకాలిలో డాక్టర్లు పెట్టిన లోహపు ముక్క ఉన్నా, చేతిలో కర్ర ఉన్నా, గీత దగ్గరికి రాగానే కాలెత్తి అవతల వేయాలి. ఆటగాళ్లు తొక్కరు, తొక్కితే ఆ రోజు బంతి మాట వినదంటారు, వాళ్లు తొక్కనిది మేమెందుకు తొక్కుతాం. నాకు కాస్త ముందున్న రోజ్, పోస్టాఫీసులో నలభై ఏళ్లు ముద్రలు కొట్టిన రోజ్, తన నడకబండిని రెండు చేతులా గాల్లోకి లేపి గీత దాటించి, అవతల దించి, అప్పుడు తను దాటింది. వెనకనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె వెనక్కి తిరిగి, "ఏంట్రా ఆ చప్పట్లు, ఈ వయసుకి మీ అమ్మ మంచం దిగుతుందేమో చూద్దాం" అంది. ఇదీ మా మిల్‌హేవెన్. మనిషి పోయి అయిదు రోజులయింది, ఏడుపు ఏడుపే, నోరు నోరే.

మైకు దగ్గరికి పోయే వరుసలో నా ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఆదివారం, మధ్యాహ్నం రెండు గంటలు, ఎమిల్ సొబోటా మా జట్టును మైదానంలోకి పంపే వేళ. ఇరవై రెండేళ్లు అతను మా మేనేజర్. మా బేస్‌బాల్ ఆటలో మేనేజర్ అంటే కుర్చీలో కూర్చుని లెక్కలు చూసేవాడు కాదు, ఎవరు ఆడాలో, ఎప్పుడు ఎవరిని మార్చాలో, ఏ కుర్రాడికి చీవాట్లు పెట్టాలో, ఏ కుర్రాడి భుజం మీద చెయ్యి వేయాలో అన్నీ అతనే. ఊరంతా స్కిప్పర్ అనేది. మొన్న మంగళవారం పొద్దున్నే కాఫీ తాగుతూ పోయాడట, ఎనభై ఎనిమిదేళ్లకు, చేతిలో పేపరు, అందులో ఆటల పేజీ. ఇవాళ గేట్లన్నీ తీసేసి, మాట్లాడాలనుకున్న అభిమానులను గడ్డి మీదికి రానిచ్చారు, మిగతావాళ్లు మెట్ల మీదే. బ్యాటు పట్టుకుని నిలబడే తెల్ల పలక దగ్గర మైకు పెట్టారు. ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. పక్కన చేతి గడియారం చూసుకుంటూ క్లబ్బు అమ్మాయి. ఆమె పక్కన కుర్చీలో మార్గిట్, స్కిప్పర్ భార్య, నీలం కోటు వేసుకుని, ఒళ్లో చేతిసంచి పెట్టుకుని, ప్రతి మనిషి మాటనూ తల పంకిస్తూ వింటోంది. ఆమె వైపు చూడకుండా ఉంటేనే నాకు ధైర్యంగా ఉంది. మిగతా నాలుగువేల మందిని చూసినా నాకేం కాదు.

ఎందుకంటే నేను చెప్పబోయేది వాళ్లెవరికీ తెలియదు. ముప్పై ఏడేళ్లుగా ఈ ఊళ్లో నాకూ, పోయిన నా మొగుడు స్టాన్‌కూ, స్కిప్పర్‌కూ తప్ప తెలిసినవాళ్లు లేరు, నిన్న సాయంత్రం మా మనవరాలు జోనీకి చెప్పేదాకా. అది చెప్పగానే జోనీ చేతిలో చెంచా కింద పడేసింది. ఇప్పుడూ నా మోచెయ్యి పట్టుకుని నా పక్కనే నడుస్తోంది, అడుగు అడుక్కీ చెవిలో గొణుగుతోంది. "అమ్మమ్మా, ఇంకోసారి ఆలోచించుకో." ఆలోచించానే, ముప్పై ఏడేళ్లు ఆలోచించాను. "అందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. రేపు పొద్దుటికి ఊరంతా నీ మొహమే చూస్తుంది." చూడనీ, నిన్ననే జుట్టు కత్తిరించుకున్నాను. "నవ్వులాట కాదు అమ్మమ్మా, వాళ్లు ఏడవడానికొచ్చారు. నువ్వెళ్లి వాళ్ల కథ చెడగొడతావా?" అదే కదే తల్లీ, ఆ కథ వాళ్లది కాదు, స్కిప్పర్‌దీ కాదు. నాది.

మనుషులు మెల్లగా కదులుతున్నారు. గడ్డి తడిగా ఉంది, నిన్న వాన పడింది, ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు మా నాన్న కోటు వాసన గుర్తొస్తుంది, ఏడేళ్ల పిల్లగా ఆ కోటు కింద దూరి ఆట చూసేదాన్ని. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను, చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టు మిషను ముందు కూర్చోబెట్టారు. నాకు వచ్చిన చదువల్లా మా నాన్న నేర్పిన స్కోరు పుస్తకమే. గళ్లు గీసిన కాగితం, చెక్కిన పెన్సిలు, వరుసగా తొమ్మిది పేర్లు, ఎవడు కొట్టాడు, ఎవడు పరుగెత్తాడు, ఎవడు అవుటయ్యాడు, ఒక్కో గడిలో ఒక్కో గుర్తు. నలభై ఏళ్ల కిందటి ఆట తీసి చూపించు, ఎవడికి ఏ ఇన్నింగ్స్‌లో కాలు బెణికిందో చెప్తాను. టీవీలో చెప్పేదాకా ఆగే రకం కాను. స్టాన్ అనేవాడు, "హెడీ, నువ్వు చర్చిలో కూడా పాదిరి ఎన్నిసార్లు దగ్గాడో గీతలు పెట్టుకుంటావు" అని. పెట్టుకునేదాన్నే. ఒకసారి పద్నాలుగు.

ఆటగాళ్లు కూర్చునే గుంత ఉంటుంది కదా, డగౌట్ అంటారు, దాని కప్పుకు సరిగ్గా పైన, మొదటి వరుసలో మా సీట్లు. కింద స్కిప్పర్ తల కనిపించేది, టోపీ కింద నెరిసిన జుట్టు, పొద్దుతిరుగుడు గింజలు నమిలి పొట్టు ఉమ్మే చప్పుడు కూడా వినిపించేది. అంతకంటే దగ్గర మా ఇంట్లో. చిన్న జట్లకు వచ్చే కుర్రాళ్లు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లవాళ్లు, దూర దేశాలనుంచి వచ్చేవాళ్లు, వాళ్లను ఊళ్లోవాళ్లం ఇళ్లలో ఉంచుకునేవాళ్లం. మా మేడ మీది గదిలో ముప్పై ఒక్క మంది ఉండి వెళ్లారు. స్కిప్పర్ ప్రతి సోమవారం ఫోను చేసేవాడు. "హెడీ, రఫేల్ తింటున్నాడా?" "తింటున్నాడు స్కిప్పరూ, నా బంగాళాదుంప అట్లు ఏడు తిన్నాడు." "ఏడా? అందుకే వాడు మూడో బేసుకి చేరేసరికి సాయంత్రమవుతోంది. నాలుగు పెట్టు." "నేను పెట్టేది పెడతాను, నువ్వు పరుగెత్తించేది పరుగెత్తించు." ఫోను పెట్టేసేముందు మళ్లీ గొంతు తగ్గించి అడిగేవాడు, "వాళ్లమ్మకి ఉత్తరం రాశాడా?" అని. రాయకపోతే ఆ మంగళవారం వాణ్ణి ఆడించేవాడు కాదు. పేపరువాళ్లు కారణం అడిగితే, భుజం నొప్పి అనేవాడు. ఆ జట్టులో ఎంతమందికి భుజం నొప్పి వచ్చిందో, ఎంతమంది తల్లులకు ఉత్తరాలు అందాయో.

ఇప్పుడు మైకు దగ్గర ఒక బట్టతలాయన ఏడుస్తున్నాడు. తొమ్మిదేళ్లప్పుడు తన చేతిలో ఐస్‌క్రీము కింద పడితే స్కిప్పర్ ఆట మధ్యలో అంపైరును ఆగమని, ఇంకోటి కొని డగౌట్ కప్పు మీదుగా అందించాడట. అబద్ధమేమో, ఆటను ఎవరూ ఆపరు, కానీ స్కిప్పర్ ఆపగలడు అనిపిస్తుంది, అందుకే అందరూ తలలూపుతున్నారు. నేనూ ఊపాను. ఇలాంటివే అన్నీ. అంపైరుతో వాదించి, వాదించి, బయటికి పొమ్మంటే, జనంలోకొచ్చి నా వెనక సీట్లో కూర్చుని అక్కణ్ణుంచి కేకలు పెట్టిన రోజు. మాట ఆపుకోలేని మనిషి అని ఊరు ముద్దుగా చెప్పుకునే కథలు. అన్నిటికంటే పెద్ద కథ పంతొమ్మిది వందల ఎనభై ఏడుది. అది చెప్పకుండా ఈ ఊళ్లో పెళ్లి జరగదు, చావు జరగదు. నోరు జారి గెలుపు కప్పు పోగొట్టాడు మా స్కిప్పర్ అని నవ్వుతారు, నవ్వి కళ్లు తుడుచుకుంటారు. అభిమానులంతా ఓట్లేసి, అతని పేరిట పెట్టబోయే ఇత్తడి పలక మీద ఏం రాయాలో కూడా తేల్చేశారు, గేటు దగ్గర కాగితం అంటించారు: ఎమిల్ సొబోటా. మమ్మల్ని ప్రేమించాడు. నోరు మాత్రం ఆపుకోలేకపోయాడు. రేపు సోమవారం పోత పోస్తారు. ఇత్తడిలో పడిందంటే ఇక నేను మీద పడి రాతితో రుద్దినా పోదు. అందుకే ఇవాళ. ఇవాళ కాకపోతే ఎప్పటికీ కాదు.

ఏడుగురు. రోజ్ నడకబండి చక్రం కిర్రుమంటోంది. జోనీ మళ్లీ మొదలెట్టింది. "మార్గిట్ గారికి తెలుసా?" తెలియదు. "ఆవిడ ముందే చెప్తావా?" ఆవిడ ముందే. "ఆవిడ మనసు కష్టపెట్టుకుంటే?" ఇదిగో, ఇక్కడ నా కాలు కాస్త తడబడింది, గడ్డి జారుడుగా ఉందని చెప్పాను.

సెప్టెంబరు పదమూడు, ఎనభై ఏడు. అదీ ఆదివారమే. ఎండ ఎంత తెల్లగా ఉందంటే పెన్సిలు గీత కాగితం మీద కనపడ్డం లేదు, స్టాన్ తన టోపీ నా పుస్తకానికి గొడుగులా పట్టుకున్నాడు. ఆఖరి ఆట, గెలిస్తే కప్పు మాది, ముప్పై మూడేళ్లుగా రాని కప్పు. తొమ్మిదో ఇన్నింగ్స్, అవతలివాళ్లు బ్యాటింగు, మేం ఒక్క పరుగు ముందున్నాం, ఇద్దరు అవుట్, ఇద్దరు బేసుల మీద. ఇంకొక్కడు అవుటైతే చాలు. చొక్కా మీద పంతొమ్మిది నంబరున్నవాడు మొదటి బేసుకు చేరాడు, నేను గడిలో గుర్తు పెట్టి కింది గడికి వచ్చాను. అక్కడ ఇరవై నాలుగు ఉండాలి. ఎదురుగా బ్యాటు ఊపుకుంటూ వస్తున్నది ఎనిమిదో నంబరు. మళ్లీ చూసుకున్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అవతలి మేనేజర్ ఒకేసారి ఇద్దర్ని మార్చి, వాళ్ల బ్యాటింగు వరుస తారుమారు చేసి అంపైరుకు చెప్పాడు, మైకులోనూ చెప్పారు, నేను చెరిపి రాసుకున్నాను. వాళ్లు మరచిపోయారు. పాత అలవాటున ఎనిమిదో నంబరువాడు లేచొచ్చాడు, ఎవరూ ఆపలేదు. తప్పుడు మనిషి బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఒక బంతి పడింది కూడా.

ఇక్కడ మా ఆటలో ఒక కిటుకుంది. తప్పుడు మనిషి వచ్చాడని తెలిసినా నోరెత్తకూడదు. వాడి వంతు పూర్తయ్యేదాకా ఊరుకోవాలి. వాడు అవుటైతే సరేసరి. వాడు కొడితే, అప్పుడు లేచి వెళ్లి అంపైరుకు చెప్పాలి, ఆ కొట్టుడు చెల్లదు, రావలసినవాడు అవుట్. ఎలా చూసినా అవుటే. ఎలా చూసినా కప్పు మాదే. కానీ వాడి వంతు నడుస్తుండగా చెప్పావో, అవతలివాళ్లు, అయ్యో మరచిపోయాం అని సరైనవాణ్ణి పంపిస్తారు, శిక్ష లేదు, ఏమీ లేదు. ఏడేళ్లప్పుడే మా నాన్న చెప్పాడు నాకు ఇది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మరి ఆ ఎండలో, ఆ పుస్తకం ముందు, నా కళ్లతో ముందు నేనే చూశానన్న పొంగు ఉంది చూశారా, నా కంటే మొనగాడు లేడన్న పొంగు, అది లేచి నిలబడింది. నేను లేచి నిలబడ్డాను, చుట్టూ అందరూ అప్పటికే లేచి కేకలేస్తున్న ఆ గోలలో. వేలు చాచి, ఫ్యాక్టరీలో మిషన్ల మోతలో ఇరవై ఏళ్లు అరిచి అరిచి గరుకెక్కిన ఈ గొంతుతో, మగగొంతని అందరూ నవ్వే ఈ గొంతుతో అరిచాను. "తప్పుడువాడొచ్చాడు! ఎనిమిది కాదు, ఇరవై నాలుగు!"

స్టాన్ నా కోటు పట్టుకుని కిందికి గుంజాడు. "నోర్ముయ్యి హెడీ" అన్నాడు, కానీ అప్పటికే అంపైరు జేబులోంచి పేర్ల వరుస రాసిన కాగితం తీశాడు. కిందికి చూశాను. స్కిప్పర్ చేతులు కట్టుకుని, వెనక్కి వాలి, ఆకాశంలోకి చూస్తూ గింజలు నములుతున్నాడు, పక్షుల్ని లెక్కపెట్టేవాడిలా. అతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తన డగౌట్‌లో ఒక్క కుర్రాడు కూడా కదలకుండా, కన్ను తిప్పకుండా అందర్నీ బొమ్మల్లా కూర్చోబెట్టాడు. కప్పుకూ మాకూ మధ్య మిగిలిందల్లా కాసేపు ఊరుకోవడం. నా అరుపు విని అతని దవడ ఆగింది. అంతే. తల తిప్పలేదు. ఇరవై నాలుగో నంబరువాడు వచ్చాడు, పొట్టివాడు, ఎడమచేతివాటం, రెండో బంతిని మావాడి తల మీదుగా గోడ దాకా కొట్టాడు. బేసుల మీదున్న ఇద్దరూ తెల్ల పలక దాటేశారు, రెండు పరుగులు, ఇప్పుడు వాళ్లే ముందు. మావాళ్ల వంతులో ముగ్గురూ వరుసగా అవుట్. నా పుస్తకంలో ఆ గళ్లన్నీ నింపాను.

మా ఊరు ఇలాంటివి మరచిపోదు. యాభై నాలుగులో చేతిలోకొచ్చిన బంతి వదిలేసిన లూయీ అనే అతన్ని పోయేదాకా జారుడు లూయీ అన్నారు, అతని కూతురు పెళ్లికి వెళ్తూ జారుడు లూయీ కూతురి పెళ్లికి వెళ్తున్నామన్నారు. నాకేం రాసిపెట్టి ఉందో నాకు తెలిసిపోయింది. పేపరాయన డగౌట్ మెట్ల దగ్గరికి వచ్చాడు. "ఎవరో అరిచారట స్కిప్పర్, ఈ పక్కనుంచే, ఎవరది?" అన్నాడు. నేను పైన, పుస్తకం గుండెకు ఆనించుకుని. స్కిప్పర్ ఒక్కసారి తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదని చెప్పలేను. ఉంది. అది మింగాడు, నేను చూస్తుండగా మింగాడు, గింజ మింగినట్టు. "ఇంకెవరు? నేనే" అన్నాడు. "నా నోరు సంగతి నీకు తెలియదూ? కనిపించింది, ఆగలేకపోయాను." పేపరాయన నవ్వేశాడు. ఎవరు నమ్మరు? ఇరవైసార్లు అంపైర్లు బయటికి తోలిన నోరది. మర్నాడు మొదటి పేజీలో పెద్దక్షరాలు. మరుసటి ఏడు మొదటి ఆటకు అతను మెట్లెక్కి బయటికి రాగానే ఊరు ఊరంతా ఛీకొడుతూ బూ అని అరిచింది, నాలుగువేల గొంతులు, నా చుట్టూ, నా నెత్తి మీదుగా, అతని మీదికి. స్టాన్ అరవలేదు. నేను అరవలేదు. నోట్లో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

నలుగురు. ఆ చలికాలం పెద్ద ఊరి జట్టునుంచి అతనికి పిలుపొస్తుందని ఆ ఆటకు ముందే అనుకున్నారు. రాలేదు. ఒకసారి వాన పడి ఆట ఆగిపోయిన రోజు మా వంటింట్లో అట్లు తింటుంటే అడిగాను. "స్కిప్పరూ, నా వల్లేనా నీకు ఆ పిలుపు రానిది?" ఇంకో అట్టు తుంచుకున్నాడు. "ఏమో" అన్నాడు. "కావచ్చు. కాకపోవచ్చు. ఆ మీగడ ఇటు జరుపు." ఓదార్చి ఉంటే నమ్మేదాన్ని కాదు. "నేను వెళ్లి అందరికీ చెప్పేస్తాను" అన్నాను. "చెప్పావంటే నీ ఇంట్లో కుర్రాళ్లను ఉంచనివ్వను" అన్నాడు. "పేపరువాళ్లతో నేనొక అబద్ధం ఆడానని తేలిందో, రేపు నేను చెప్పే భుజం నొప్పులు ఒక్కటీ నమ్మరు. నేనున్నన్నాళ్లూ ఊరుకో. పోయాక నీ ఇష్టం. లేచొచ్చి వాదించను." "నువ్వా? అంపైరు కనపడితే పైనుంచైనా దిగొస్తావు." గట్టిగా నవ్వాడు, నోట్లో అట్టు పెట్టుకునే నవ్వాడు. ఆ తర్వాత పదహారేళ్లు ఇక్కడే పనిచేశాడు, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే ఉన్నాడు. ఎక్కడికెళ్లినా అదే మాట, కూరగాయల కొట్లో, చర్చి మెట్ల మీద, చేపల వేటలో. "ఏం స్కిప్పర్, ఇవాళైనా నోరు కట్టుకున్నావా?" "ఇంటావిడ కట్టేస్తేనే" అనేవాడు. ఒక్కసారి తాగి కూడా జారలేదు. ఒక్కసారి విసిగి కూడా జారలేదు. మార్గిట్‌కు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఆవిడకి చెప్తే ఆవిడ నీతో మాట్లాడదు, నాకు అట్లు దొరకవు" అన్నాడు.

అందుకే మార్గిట్ వైపు చూడలేను. నలభై చిన్న ఊళ్లు తిప్పి, బస్సుల్లో పిల్లల్ని పెంచి, ఒక్క పెద్ద ఊరి ఇల్లు చూస్తుందనుకుంటే, ఆ ఇల్లు నా అరుపులో కొట్టుకుపోయిందేమో. ఊరు తిడితే పడతాను. ఆవిడ మొహం తిప్పుకుంటే? పడాలి. అదీ పడాలి హెడీ. ఈ వయసులో పడటానికి భయమేంటి, మొన్న మెట్ల మీద పడి లేవలేదూ.

రోజ్ అయిపోయింది. ఏం చెప్పిందో నేను వినలేదు, రోజ్, క్షమించు. ఇక గస్. ఫ్రిజ్‌లు బాగుచేసే గస్, తలుపంత మనిషి. మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. "ఎనభై ఏడులో నాకు పదకొండేళ్లు" అనగానే జనం ముందే నవ్వేశారు. "మా నాన్న రేడియో తీసి కిటికీలోంచి విసిరేశాడు. అది మా ఫోర్డు కారు మీద పడింది. మా అమ్మ, కారుకేమైందంటే, స్కిప్పర్ నోరు తగిలిందే అన్నాడు!" నవ్వులు. ఆ నవ్వులో ప్రేమ ఉంది, నాకు తెలుసు, వాళ్లు అతన్ని వెక్కిరించడం లేదు, ముద్దుచేస్తున్నారు. గస్ కళ్లు తుడుచుకుని ఆకాశంలోకి వేలు చూపించాడు. "స్కిప్పర్! పైన కాస్త నోరు కట్టుకో!" చప్పట్లు మోగిపోయాయి. కంటి కొసన మార్గిట్ కూడా నవ్వుతోంది, తల అడ్డంగా ఊపుతూ, ఆ మనిషిని ఏం చేయాలిరా దేవుడా అన్నట్టు.

జోనీ నా చెయ్యి వదల్లేదు. "అమ్మమ్మా, ఆయన్ని ప్రేమించామని చెప్పి వచ్చెయ్. అదీ నిజమే కదా." నిజమేనే. సగం. నేను దాని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, కర్ర దాని చేతికిచ్చాను. కర్రతో చెప్పే మాట కాదు ఇది.

మైకు నా నోటికంటే పైకుంది. క్లబ్బు అమ్మాయి కిందికి దించింది. "మీ పేరు చెప్పండమ్మా, ఒక్క నిమిషం."

"నా పేరు హెడీ నోవిట్‌స్కీ. సీటు ఒకటో వరుస, డగౌట్ మీద. ఆ సీట్లో యాభై నాలుగేళ్లుగా స్కోరు రాస్తున్నాను. గస్, నీ కారు మీద పడింది స్కిప్పర్ నోరు కాదు, నాది." నవ్వారు. తమాషా అనుకున్నారు. "నవ్వకండి. ఎనభై ఏడులో తప్పుడువాడొచ్చాడని అరిచింది నేను. ఎనిమిది కాదు, ఇరవై నాలుగు అని. లేచి నిలబడి అరిచాను. స్కిప్పర్‌కు ముందే తెలుసు, ఊరుకున్నాడు, ఆకాశం చూస్తూ కూర్చున్నాడు, గెలిచే మనిషి ఎలా కూర్చోవాలో అలా. కప్పు అతని చేతిలో ఉంది, నేను లాగేశాను. పేపరాయన అడిగితే తన మీద వేసుకున్నాడు, నన్ను మీ నోళ్లలో పడేయలేక. ముప్పై ఏడేళ్లు మీరు నోరు ఆపుకోలేడన్న మనిషి, పెళ్లానికి కూడా చెప్పకుండా ఆపుకున్నాడు. ఈ ఊళ్లో నోరు కట్టుకోవడం తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, అతన్ని మంగళవారం పోగొట్టుకున్నాం. రేపు ఇత్తడి మీద అబద్ధం పోయకండి. పోయాలనుంటే నా పేరుతో పోయండి. అంతే."

జెండా కర్రకు తాడు కొట్టుకునే చప్పుడు వినిపిస్తోంది, టక్కు, టక్కు. గస్ నోరు తెరుచుకునే ఉన్నాడు. క్లబ్బు అమ్మాయి గడియారం చూడటం మానేసింది. నేను తప్పించుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి తిరిగాను, మార్గిట్ వైపు సూటిగా, ఈ గంటసేపట్లో మొదటిసారి.

ఆవిడ లేచింది. చేతిసంచి ఒళ్లోంచి గడ్డి మీద పడింది, పట్టించుకోలేదు. నా వైపు రెండడుగులు వేసి ఆగింది. మొహం చదవలేకపోయాను, ఎన్ని ఇన్నింగ్స్ చదివానో, ఆ మొహం చదవలేకపోయాను. "ముప్పై ఏడేళ్లు" అంది. మైకు లేకుండానే మొదటి పది వరుసలకు వినిపించింది. "ముప్పై ఏడేళ్లు నా మొగుణ్ణి వాగుడుకాయ అన్నాను హెడీ. అన్నం దగ్గర అన్నాను. పడుకునేముందు అన్నాను. సోమవారం సాయంత్రం కూడా అన్నాను." ఏడుస్తుందనుకున్నాను. రెండు చేతులూ నోటికి అటూ ఇటూ దోసిలిలా పెట్టుకుంది. నా కళ్లలోకి చూస్తూ, ఎనభై అయిదేళ్ల సన్నటి గొంతుతో, ఊపిరున్నంతసేపూ లాగి అరిచింది.

"బూ…!"

వెంటనే రోజ్, నడకబండిని నేలకేసి కొడుతూ, "బూ!" తర్వాత గస్, తలుపంత మనిషి తలుపంత గొంతుతో. తర్వాత మూడో బేసు వైపు మెట్లు, తర్వాత పైవరుసలు, తర్వాత అంతా, నాలుగువేల గొంతులు, ఏడుస్తూ, పడీపడీ నవ్వుతూ, మా నాన్నలాంటివాళ్లూ, జోనీలాంటివాళ్లూ, ఎనభై ఏడు చూసినవాళ్లూ, అప్పటికి పుట్టనివాళ్లూ, టోపీలు గాల్లో ఊపుతూ, నా ఒక్కదాని మీదికి. అరికాళ్లలోంచి ఎక్కింది ఆ మోత. మోకాలిలో లోహపు ముక్క కూడా అదిరింది. నేను మైకు పక్కన, చేతిలో కర్ర లేకుండా, నడుం నిటారుగా నిలబడ్డాను.

క్లబ్బు అమ్మాయి నా భుజం తట్టింది. పాపం, కంగారు పడిపోయింది. "అమ్మా, మీ నిమిషం ఎప్పుడో అయిపోయింది, రండి, నేను తీసుకెళ్తాను" అంది.

"ఉండవే తల్లీ" అన్నాను. "వాళ్లది ఇంకా అవలేదు."